ఊరి ఉమ్మడి పనిశాల: మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఉమ్మడి పనిశాల గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. పట్నంలో దీన్ని మేకర్‌స్పేస్ అంటున్నారు. పేరు కొత్తదే గానీ సంగతి మనకు తెలిసిందే. ఊరికి ఒక గిర్ని ఉంటుంది. ఇంటికో గిర్ని ఎవరం పెట్టుకోం. జొన్నలు పట్టుకుపోయి, పిండి పట్టించుకొని, పైసలిచ్చి వస్తాం. పనిశాల కూడా అంతే. ఒక్కరు కొనలేని మిషన్లు ఒక్క చోట పెడతాం. పని ఉన్న మనిషి తన సరుకు తెచ్చుకొని, గంటల లెక్కన మిషన్ వాడుకొని, కిరాయి కట్టి పోతుంది.

హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో టీ-వర్క్స్ అని ప్రభుత్వం పెద్ద పనిశాల తెరిచింది. కొత్త వస్తువు చేయాలనుకునేవాళ్లు సొంత ఫ్యాక్టరీ లేకున్నా అక్కడ నమూనా చేసుకోవచ్చు. పట్నంలో అయితది గానీ పల్లెలో అయితదా అని మీరు అడగొచ్చు. మహారాష్ట్రలో పుణె దగ్గర పాబల్ అనే ఊరిలో, విజ్ఞాన్ ఆశ్రమంలో 2002లోనే ఇటువంటి ల్యాబ్ పెట్టారు. అక్కడ పల్లె పిల్లలు పని చేస్తూ పని నేర్చుకుంటారు. మనకు అంత పెద్దవి అక్కర్లేదు. మన పనికి తగిన మిషన్లు చాలు.

మా ఊర్లో కుట్టు మిషన్ లేని వాడ లేదు. చాలామంది సంఘం అప్పుతోనే కొన్నారు. కానీ కాజాలు వేయాలన్నా, ఓవర్‌లాక్ చేయాలన్నా టౌనుకు పోవాల్సిందే. బస్సు కిరాయి పోతుంది, సగం రోజు పోతుంది. 2024లో సర్కారు బడుల యూనిఫారాలు కుట్టే పని మన సంఘాలకు వచ్చినప్పుడు ఈ ఇబ్బంది ఇంకా బాగా తెలిసింది. అంగీ కుట్టడం వచ్చు, కాజాల దగ్గర పని ఆగుతుంది.

మిషన్లు కొనేముందు ఒక నెల పాటు ప్రతి సంఘం మీటింగులో ఒకటే ప్రశ్న అడిగాం. "ఈ వారం ఏ పని కోసం టౌనుకు పోయినవ్? ఎంత ఇచ్చినవ్?" చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ తెద్దామని కొందరికి ఆశ ఉండె. పుస్తకం తిరగేస్తే ఆ పని చెప్పినవాళ్లు ఇద్దరే. ఓవర్‌లాక్, కాజాల పని చెప్పినవాళ్లే ఎక్కువ. అందుకని ఆ రెండే తెచ్చాం.

అయితే అసలు చిక్కు మిషన్ల దగ్గర రాలేదు. ఊర్లో కుట్టు షాపు నడుపుకునే సభ్యులు మనవాళ్లే ఉన్నారు. వాళ్లలో ఒక చెల్లె నిండు మీటింగులో లేచి అడిగింది. "నేను సంఘం అప్పు తీసుకొని షాపు పెట్టిన. ఇప్పుడు సంఘమే నా పక్కన ఇంకో షాపు పెడితే నేను ఆ అప్పు ఎట్ల కట్టాలె?" ఎవరం వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె అడిగింది న్యాయమే. రెండు మీటింగులు దాని మీదే మాట్లాడుకున్నాం.

చివరికి తీర్మానం రాసుకున్నాం. పనిశాల ఎవరి దగ్గరా బట్ట తీసుకోదు, కుట్టుకూలి తీసుకోదు. మిషన్ గంటలు మాత్రమే కిరాయికి ఇస్తుంది. యూనిఫారాల్లాంటి పెద్ద ఆర్డర్ వస్తే గ్రామ సంఘం పేరు మీద తీసుకొని, షాపున్న వాళ్లకు, లేనివాళ్లకు పంచుతుంది. ఇప్పుడు ఆ చెల్లె మా పనిశాలకు వారం వారం వస్తుంది. టౌనుకు పోయే రోజు షాపు మూసే పని తప్పింది. మీరు ఏ మిషన్ తెచ్చినా, ఊర్లో ఆ పని మీద బతికే సభ్యురాలిని ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. ఒకరి పొట్ట మీద కొట్టి ఇంకొకరికి పని ఇస్తే అది సంఘం పని కాదు.

ఇక కిరాయి లెక్క. "సంఘం మిషన్‌కు మళ్లీ పైసలేంది?" అని మీ ఊర్లో కూడా అడుగుతారు. లెక్క వేసి చూపించండి. ఉదాహరణకు మిషన్లు రెండూ కలిపి 90,000 రూపాయలు అనుకుందాం. అయిదేళ్లు పని చేస్తాయనుకుంటే, మళ్లీ కొనడానికి నెలకు 1,500 పక్కన పెట్టాలి. గది కిరాయి 1,500, కరెంటు 800, సూదులు, నూనె, రిపేరు 700, చూసుకునే మనిషికి 3,000. మొత్తం 7,500. అప్పు తెచ్చి ఉంటే వడ్డీ అదనం.

రోజుకు ఆరు గంటలు, నెలకు 25 రోజులు తెరిస్తే రెండు మిషన్లకు 300 గంటలు. అన్ని గంటలూ నిండుతాయనుకొని గంటకు 25 రూపాయలు పెడితే, సగం గంటలే నిండిన నెలలో 3,750 రూపాయలు నష్టం. అందుకే సగం గంటలకే, అంటే 150 గంటలకే లెక్క కట్టాలి. అప్పుడు గంటకు 50 వస్తుంది. ఆ గంటలో సభ్యురాలికి 50 కంటే ఎక్కువ మిగలాలి. మిగలకపోతే ఆ మిషన్ మీ ఊరికి పనికిరాదు, కొనకండి.

పొదుపు సంఘాలకు పంచసూత్రాలు ఉన్నట్టే పనిశాలకూ కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం.

మొదటిది గంటల పుస్తకం. తేదీ, పేరు, మిషన్, ఎక్కిన టైము, దిగిన టైము, కట్టిన పైసలు, సంతకం. అధ్యక్షురాలైనా, ఆమె కోడలైనా రాయాల్సిందే, కట్టాల్సిందే. ప్రతి నెలా ఆ పుస్తకం మీటింగులో అందరికీ చదివి వినిపిస్తాం.

రెండోది, చేతిలో పైసలు లేని సభ్యురాలిని వెనక్కి పంపం. పని చేసుకొని, అమ్ముకొని, వచ్చే మీటింగు నాటికి కట్టాలి. బాకీ కూడా పుస్తకంలో ఎక్కుతుంది.

మూడోది, పనిశాలకు వేరే బ్యాంకు ఖాతా. మళ్లీ మిషన్ కొనడానికి దాచిన సొమ్ము అంతర్గత అప్పులకు ఇవ్వం.

నాలుగోది భద్రత. నేర్చుకోకుండా మిషన్ ఎక్కనివ్వం. కొంగు దోపుకోవాలి, జడ ముడేసుకోవాలి. చిన్నపిల్లలను లోపలికి తేవద్దు. ఎర్తింగ్ తప్పకుండా ఉండాలి.

కారం, పసుపు, పిండి పని పెట్టాలనుకునేవాళ్లు బట్టల గదిలో పెట్టకండి. దానికి వేరే గది, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఆహార పనులు చేసే సంఘ సభ్యులకు 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో మనిషికి 40,000 రూపాయల దాకా సీడ్ క్యాపిటల్ పెట్టారు. అది సమాఖ్య ద్వారా వచ్చే అప్పే, తిరిగి కట్టాలి. ఇప్పుడు ఎంత వీలుందో ఏపీఎం గారిని అడగండి. చిన్న వ్యాపారానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. ప్రభుత్వానికి కట్టాలని ఎవరైనా పైసలు అడిగితే ఇవ్వకండి. పని నేర్చుకోవడానికి ఆర్‌సెటీలో ఉచిత శిక్షణ ఉంటుంది.

పనిశాలతో మేము లక్షాధికారులం కాలేదు. అయితే టౌనుకు పోయే కిరాయి ఊర్లో మిగులుతోంది. కొత్తగా పని నేర్చుకున్న చెల్లెలు మిషన్ కోసం అప్పు చేయకముందే, ఆ పని తనకు కుదురుతుందో లేదో చూసుకుంటోంది. మాకు ఇదే పెద్ద లాభం.

మీ ఊరికి పోయాక వచ్చే మీటింగులోనే ఆ ఒక్క ప్రశ్న అడిగి రాయడం మొదలుపెట్టండి. నెల రాతలు తీసుకొని మా ఊరికి రండి. మా గంటల పుస్తకం మీ ముందు పెడతాం, కలిసి లెక్క వేద్దాం.