పండుటాకు



మా పెరటిలో నొక బాదముచెట్టు కలదు. ఏటేట చలికాలమున దాని యాకులు ఎఱ్ఱవాఱి రాలును. నేను బడిలో పాఠములు చెప్పుచున్న దినములలో నొక బాలుడు, "అయ్యా, ఆకు చచ్చి రాలునా, రాలి చచ్చునా?" అని యడిగెను. "ముదిసి చచ్చినది రాలును, కూర్చుండుము" అంటిని. ఆ యుత్తరము తప్పు. పోయినయేడు గాలివానకు ఆ చెట్టుకొమ్మ యొకటి విఱిగెను. దాని యాకులు ఎండి గలగలలాడినవే గాని, నెలనాళ్లయినను రాలలేదు. తటాలున చచ్చిన యాకు కొమ్మనే పట్టుకొని యుండును. రాలుట ప్రాణమున్న కణములు చేయు పని.

ఇది యెట్లో తెలియుటకు కణము నెఱుగవలెను. 1665లో రాబర్టు హుక్కు బిరడాపొరను సూక్ష్మదర్శినిలో జూచి, తేనెపట్టువంటి గదులను కనుగొనెను. అవి ప్రాణము పోయిన వట్టి గదులు. సజీవకణమో, సంసారమున్న యిల్లు. కేంద్రకమున వంశానుగతమైన యాజ్ఞలు లిఖితములై యుండును. హరితరేణువులు వంటశాలలు. అవి సూర్యరశ్మిని గ్రహించి, నీటిని విడదీసి ప్రాణవాయువును వెలికి వదలి, బొగ్గుపులుసుగాలి నుండి చక్కెరను సిద్ధపఱచును. ఆకుపచ్చని భాగములు వెలుతురుననే ప్రాణవాయువు నిచ్చునని 1779లో ఇంగెన్‌హౌసు నిరూపించెను.

వండిన యన్నము శక్తిగా మాఱవలెను గదా! ఆ పని మైటోకాండ్రియములది. అవి చక్కెరనుండి తీసిన శక్తిని ఏటీపీ యను పదార్థమున నిలుపును. 1929లో హార్వర్డునందు ఫిస్కేగారితో కూడి దీనిని కనుగొన్నవారు భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేట జర్మనీలో లోమనుగారును దీనిని వేఱుగ కనుగొనిరి.

ఇక పండుటాకు మాట. ఆకు ముదియగానే మొదట హరితరేణువులు విప్పబడును. వానిలోని నత్రజని మొదలగు సారములో పెద్దపాలు కొమ్మకు చేరును. ఇందుకు శక్తి కావలెను గనుక మైటోకాండ్రియములును, ఆజ్ఞ లిచ్చు కేంద్రకమును తుదివఱకు నిలుచును. వంటశాల మూసినను దీప మార్పకుండుట యన్నమాట. పిదప తొడిమ మొదట నొక పలుచని పొర యేర్పడి విడివడగా ఆకు రాలును, గాయము మూసికొనును.

జంతుదేహమందును కణములకు నియతమరణము కలదు. పద్ధతి వేఱు, ప్రయోజనము సమీపము. 1972లో కెర్, వైలీ, కర్రీ యను మువ్వురు దీనికి 'ఎపోప్టోసిస్' అని పేరిడిరి. ఆ గ్రీకుమాటకు ఆకులు రాలుట యని భావము. గర్భస్థశిశువు చేయి మొదట తెడ్డువలె నుండును. నడుమ కణములు నశింపగా వ్రేళ్లు విడివడును. మిల్లిమీటరు పొడవైన యొక పురుగునందు 1090 దేహకణములు పుట్టి, 131 నియమముగా మరణించి, 959 మిగులును. ఈ పరిశోధనకు 2002లో బ్రెన్నరు, హార్విట్జు, సల్‌స్టను గారలకు నోబెలు బహుమాన మొసగబడెను. ఈ మరణాజ్ఞను మీఱిన కణములు పెక్కు రాచపుండ్లయందు కానవచ్చును.

ఆ బాలు డిప్పుడు పెద్దవాడై యుండును. ఎక్కడనైన నీ మాటలు వినుచున్నచో, నాయనా, నాటి నా యుత్తరమును కొట్టివేయుము. ఆకు తన సర్వస్వము నప్పగించి మఱి రాలును. నీవు సరియైన ప్రశ్నయే యడిగితివి. నిన్ను కూర్చుండుమనుట నాదే తప్పు.