కొవ్వు పంపు కబురు

మన పెద్దలు మిగిలిన ధాన్యమును గాదెలలోను పాతరలలోను దాచెడివారు. శరీరము తన మిగులును కొవ్వుగా దాచుకొనును. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీల శక్తి కలదు. అంతే బరువుగల పిండిపదార్థములో 4 మాత్రమే. నిలవచేయుటకు ఇంతకంటె అనువైన సరకు లేదు. ఇంతవరకు శ్రోతలు ఎరిగినదే. కాని గాదె నిండినదో అడుగంటినదో ఇంటి యజమానికి తెలియవలెను గదా! ఆ కబురు ఎవరు చేరవేయుదురు?

ఈ ప్రశ్నకు సమాధానము చుంచెలుకల వలన లభించినది. అమెరికాలో మెయిన్ రాష్ట్రమున బార్ హార్బర్ అను ఊర జాక్సన్ ప్రయోగశాల యున్నది. అచ్చట 1949లో, తృప్తి యనునది ఎరుగక మేయుచు, తోడి ఎలుకలకంటె మూడు రెట్లు బరువెక్కు ఒక జాతి బయలుపడినది. 1960 దశకమున, మధుమేహముకూడ తోడైన మరియొక లావు జాతి కనబడినది. డగ్లస్ కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు ఒకదాని నెత్తురు మరియొకదానికి ప్రసరించునట్లు ఈ ఎలుకలను జంటలుగా కుట్టి పరిశీలించెను. వినుటకు ఒళ్ళు జలదరించు పనియే. మొదటి జాతి ఎలుకను మామూలు ఎలుకతో జతపరచగా దాని ఆకలి తగ్గినది. రెండవ జాతితో జతపరచినపుడు మాత్రము లావు ఎలుకకు ఏ మార్పును లేదు. పాపము, మామూలు ఎలుకయే తిండి మాని శుష్కించి మరణించినది. కోల్మన్ దీని భావము చక్కగా గ్రహించెను. మొదటి జాతిలో కబురు పుట్టుటయే లేదు. రెండవదానిలో కబురు వెల్లువగా వచ్చుచున్నది గాని, వినుటకు చెవి లేదు.

కబురు పంపునది కొవ్వే యని తేలుటకు 1994 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ యేట న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము అందుకు మూలమైన జన్యువును పట్టుకొన్నది. కొవ్వుకణములు తయారుచేయు ఆ హార్మోనుకు 'లెప్టిన్' అని పేరిడిరి. గ్రీకు భాషలో 'లెప్టోస్' అనగా సన్నని అని అర్థము. శరీరమున కొవ్వు పెరిగినకొలది రక్తములో లెప్టిన్ పెరుగును. మెదడు అడుగుభాగమునగల హైపోథలామస్ దానిని గుర్తించి ఆకలిని, శక్తి వినియోగమును సవరించును.

లావు తగ్గించు మందు చిక్కినదని లోకము సంబరపడినది. ఒక ఔషధ సంస్థ ఆ హక్కుకై 2 కోట్ల డాలర్లు ముందుగానే చెల్లించినది. కాని స్థూలకాయులకు లెప్టిన్ ఇచ్చి చూచిన పరీక్ష ఫలితములు 1999లో ప్రకటింపబడినపుడు, చాలమందిలో గుణము స్వల్పమే. కారణ మేమనగా, వారిలో లెప్టినుకు కొరత లేదు. కావలసినదానికంటె ఎక్కువగానే యున్నది. మెదడే దానిని చెవిని పెట్టుటలేదు.

అయినను ఆ మందు కొందరికి ప్రాణదాన మైనది. 1997లో కేంబ్రిడ్జి వైద్యులు స్టీఫెన్ ఓరాహిలీ, సదాఫ్ ఫరూఖీ మొదలైనవారు, పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇద్దరు పిల్లలను గురించి ప్రకటించిరి. ఎనిమిదేండ్ల బాలిక 86 కిలోల బరువుండెను. ఆమెకు తరువాత ఒక సంవత్సరము లెప్టిన్ సూదిమందు ఇవ్వగా సుమారు 16 కిలోలు తగ్గినది; ఆకలియు అదుపునకు వచ్చినది. అట్టి బిడ్డను తిండిపోతని ఆడిపోసుకొనుట ఎంత అన్యాయము! ఈ లోపము మిక్కిలి అరుదైనదే. కాని ఆకలి కేవలము మనోనిగ్రహమునకు సంబంధించిన విషయము కాదని ఇంత స్పష్టముగా తెలిపిన ఉదాహరణము మరియొకటి మాకు తోచదు.

నిజమునకు లెప్టిన్ ముఖ్యముగా చాటునది సమృద్ధిని కాదు, కరవును. రెండు మూడు దినములు ఉపవసించిన చాలును, అది బాగుగా పడిపోవును. వెంటనే శరీరము పొదుపునకు దిగును: థైరాయిడ్ గ్రంథి పని మందగించును, ఆకలి విజృంభించును, మిక్కిలి చిక్కిపోయిన స్త్రీలకు ఋతువు ఆగిపోవుటయు కలదు. శ్రమపడి బరువు తగ్గినవారు మరల లావెక్కుటకు ఇది యొక కారణము. వారి గాదెలో ఇంకను సరకున్నను, మెదడునకు కరవు కబురే అందుచున్నది. "నోరు కట్టుకొనలేదు" అని వారిని ఎత్తిపొడుచు బంధువులు ఈ సంగతి వినుట మంచిది.

కొవ్వు పంపు కబురు లెప్టిన్ ఒక్కటే కాదు. ఇన్సులిన్ పనికి తోడ్పడు అడిపోనెక్టిన్ అను మరియొక హార్మోను కలదు. విచిత్రముగా ఇది లావెక్కినకొలది తగ్గును. ఇక ఒంటిలో కొవ్వే నిలువని అరుదైన వ్యాధి యొకటి కలదు. ఆ రోగులు సుఖపడుదురా? లేదు. దాచుటకు చోటులేని కొవ్వు కాలేయమున చేరి, తీవ్రమైన మధుమేహము తెచ్చును. కృత్రిమ లెప్టినును వారి చికిత్సకై 2014లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది.

మన దేశపు సంగతియు కొంచెము చెప్పవలెను. పుణెలో డాక్టరు యాజ్ఞిక్, ఆయన సహచరులు గ్రామీణ శిశువులను ఇంగ్లండు శిశువులతో పోల్చి చూచిరి. మన శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, వారిది 3.5 కిలోలు. మన బిడ్డలలో కండ బాగుగా తక్కువ. కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. కావుననే సన్నముగా కనబడువారికిని మనలో మధుమేహము వచ్చుచున్నది. బరువు తూచు యంత్రము ఈ రహస్యము చెప్పదు. నడుమునకు చుట్టు టేపు కొంత చెప్పును. భారతీయులలో నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో వైద్యులు దానిని హెచ్చరికగా గణించుచున్నారు.