దిగబడిన ట్రాక్టరును లాగే ముందు

మాసూళ్లకు ముందు తాడేపల్లిగూడెంలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

రైతు సోదరులారా, కౌలుదారులారా, ట్రాక్టరు నడుపుకొని బతికే తమ్ముళ్లారా!

మద్దతు ధర గురించి, తేమ శాతం గురించి పెద్దలు మాట్లాడారు. నేను ఒక తాడు గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఆ తాడు సరైనది కాకపోతే మనిషి పోతాడు.

మనది నల్లరేగడి. ఎర్రకాలువ పొంగినా, తమ్మిలేరు పొంగినా, కొల్లేరు నీళ్లు ఉప్పుటేరులోకి లాగకపోయినా చేలు ఆరవు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు. నేల ఆరేదాకా ఆగితే పడిపోయిన వరి మొలకెత్తుతుంది, ఆగకపోతే మిషను దిగబడుతుంది. కొల్లేటి వైపు చెరువు గట్ల మీద మేత మోసే ట్రాక్టర్లదీ ఇదే బాధ.

కొన్నేళ్ల కిందట మా చేలోనూ ట్రాక్టరు దిగబడింది. పడవలు కట్టే నైలాన్ మోకు గట్టిగా ఉందని నేనే తెచ్చాను. చివర ఇనప కొక్కెం తగిలించి, ఇంకో ట్రాక్టరుతో గుంజి లాగించాం. మోకు తెగింది. కొక్కెం వచ్చి మడ్‌గార్డును చీల్చింది. జానెడు పక్కకు వచ్చి ఉంటే మా బావమరిది ఈ రోజు లేడు. ఆ తప్పు నాదే.

నైలాన్ రబ్బరులా సాగుతుంది. సాగినంతసేపూ బలాన్ని లోపల దాచుకుంటుంది. తెగిన క్షణంలో అదంతా వడిసెల రాయిలా బయటికొస్తుంది. కొండల్లో జీపులు తిప్పేవాళ్లు సాగే తాళ్లే వాడతారు. కానీ అవి ఆ పనికే కొలత కట్టి చేసినవి. మనం వాడేవి అవి కావు. మనం గుంజకూడదు, మెల్లగా బిగించి లాగాలి.

ఎంత బలం కావాలి? చక్రం సగం మునిగితే దాదాపు బండి బరువంత. అంతకంటే లోతుకు పోతే రెట్టింపు. మన ట్రాక్టరు రెండు టన్నులనుకుంటే నాలుగు టన్నుల దాకా కావచ్చు. కాబట్టి క్రేన్లకు వాడే పాలిస్టర్ పట్టీ కొనండి. అది తక్కువ సాగుతుంది. రంగును బట్టి దాని బలం తెలుస్తుంది: పసుపు 3 టన్నులు, బూడిద 4, ఎరుపు 5. ఎరుపుదే తీసుకోండి. రంగొక్కటే నమ్మక, కుట్టిన చీటీ మీద అంకె చూడండి. పట్టీని ముడి వేయకండి, ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది. కొక్కెం బదులు మరబోల్టుతో మూసుకునే షాకిల్ వాడండి. దాని మీద టన్నులు అచ్చు వేసి ఉండాలి. 19 మిల్లీమీటర్ల మంచి షాకిల్ మీద 4.75 అని ఉంటుంది. అంకె లేనిది ఎంత లావుగా ఉన్నా వద్దు. అన్నింట్లో బలహీనమైనది ఏదో, మొత్తం బలం అంతే.

లాగే ముందు పార పట్టండి. చక్రాల ముందు బురద తీసి, ఇరుసు కింద పట్టు వదిలించి, గడ్డి, చెక్కలు పరిస్తే సగం పని అవుతుంది. ట్రెయిలరు ఉంటే విప్పేయండి. వీలైతే ముందుకు కాక, వచ్చిన దారినే వెనక్కి తీయండి. పెద్ద కోతమిషను ఏడెనిమిది టన్నులు ఉంటుంది. దాన్ని ట్రాక్టరుతో లాగాలని చూడకండి, పొక్లెయిన్ పిలవండి.

లాగే ట్రాక్టరుకు పట్టీని కింద డ్రాబార్‌కే తగిలించాలి. ఇరుసుకు గాని, టాప్ లింకుకు గాని కడితే ముందు చక్రాలు లేచి, డ్రైవరు క్లచ్ తొక్కేలోపే ట్రాక్టరు అతని మీదికి తిరగబడుతుంది. దిగబడిన ట్రాక్టరు వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు తోలే అలవాటు మనకుంది. దుంగ బిగిసిపోతే జరిగేదీ అదే. ఆ పని మానేయండి. బిగించిన పట్టీ మధ్యలో తడి గోనెసంచులు వేయండి, తెగితే ఎగిరే జోరు కొంత తగ్గుతుంది. దాని పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపు ఎవరూ నిలబడకూడదు. పిల్లలను గట్టు మీదికి కూడా రానివ్వకండి.

ఈ సామాను ఒక్కొక్క రైతు కొనాలంటే బరువే. ఊరికి ఒక సెట్టు చాలు. అందుకే సంఘం తరఫున మూడు మాటలు అడుగుదాం. సబ్సిడీ మీద యంత్రాలు తీసుకున్న ప్రతి అద్దె కేంద్రంలో ఈ సెట్టు ఉండాలి. దిగబడిన మిషను తీసే ఖర్చు కౌలు రైతు ఒక్కడి నెత్తినే వేయకూడదు. సార్వా నాట్లకు ముందే డ్రెయిన్లలో గుర్రపుడెక్క, పూడిక తీయాలి. నీరు పోతే మిషను దిగబడదు, తాడుతో పనే ఉండదు.

అప్పటిదాకా తొందరపడకండి. తడిసిన ధాన్యం కొనమని రోడ్డెక్కి అడగగలం. పోయిన మనిషిని ఎవరినని అడుగుతాం?

సెలవు.