పెరటి మూలన ఉన్న కిరసనాయిలు డబ్బా
(అగ్నిమాపక సేవా వారోత్సవ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక సేవా వారోత్సవం జరుగుతుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికీన్’ అనే ఓడ పేలినప్పుడు మంటలతో పోరాడి అసువులు బాసిన సిబ్బంది స్మృత్యర్థం ఏర్పడినది ఈ వారం. ఆ ఓడ గర్భంలో ప్రత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు కలిసి ప్రయాణం చేశాయి. కలిపి ఉంచకూడని వాటిని కలిపి ఉంచడమే అక్కడ జరిగిన అనర్థం. నేటి ప్రసంగానికి విషయం ఓడ అంతటిది కాదు. పెరటి మూలనో, మెట్ల క్రిందనో, వంటింటి అటకమీదనో తాతల నాటి నుండి నిలిచి ఉన్న ఒక ఇనుప డబ్బా. అయితే అనర్థపు స్వభావం మాత్రం ఒక్కటే.

బరంపురం, గోపాలపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ డబ్బాతో ఉన్న అనుబంధం సామాన్యమైనది కాదు. పూర్వం గోపాలపురం, కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి వేలాదిమంది తెలుగువారు పొట్ట చేతపట్టుకొని రంగూన్ వెళ్లారు. యానాం చెంతనున్న కోరంగి రేవు పేరుమీదుగా బర్మాలో వారికి ‘కొరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. రంగూన్ నగరానికి నది ఆవలి ఒడ్డున సిరియంలో బర్మా ఆయిల్ కంపెనీవారి నూనె శుద్ధి కర్మాగారం ఉండేది. అక్కడ తయారైన కిరసనాయిలు సముద్రం దాటి ఈ తీరానికి చేరేది. మనుషులు ఆ వైపు, నూనె ఈ వైపు! 1942లో జపాను సేనలు సమీపించగా ఆ కర్మాగారాన్ని బ్రిటిషువారే ధ్వంసం చేసి వెనుదిరిగారు. ఆ సంవత్సరమే కాలినడకన, ఓడలమీద తిరిగివచ్చినవారి కథలు ఈ పట్టణంలో ఇంకా కొన్ని ఇళ్లలో వినబడుతూనే ఉన్నాయి.

ఆ నూనెకు ఒక్కొక్క భాష ఒక్కొక్క పేరు పెట్టింది. తమిళులకు అది మణ్ణెణ్ణై, కన్నడిగులకు సీమె ఎణ్ణె, మరాఠీవారికి రాకేల్. తెలుగువారు మాత్రం ఇంగ్లీషు మాటనే నోటికి అనువుగా మలచుకొని కిరసనాయిలు అన్నారు. నూనె వచ్చిన డబ్బా 4 గ్యాలన్లది, అనగా సుమారు 18 లీటర్లది. పలుచని తగరపు పూత గల రేకును చతురస్రంగా మడిచి, అంచులు సీసం కలిసిన టంకంతో అతికినది. నూనె అయిపోగానే దానికి రెండవ జన్మ మొదలయ్యేది. పైమూత కోసి, అడ్డంగా కర్ర బిగిస్తే నీళ్ల డబ్బా. రెండింటిని కావడికి తగిలిస్తే ఇంటింటికీ నీటి సరఫరా. బియ్యానికి, బెల్లానికి, అటుకులకు అదే కొఠారు. సాగగొట్టితే పాకకు కప్పు, దడికి తలుపు. నేడు అంగడిలో కనిపించే 15 కిలోల వంటనూనె డబ్బా దాని వారసురాలే.

రెండవ రకం డబ్బా యుద్ధం తెచ్చిపెట్టినది. 1937లో జర్మను సైన్యం కోసం రూపొందిన 20 లీటర్ల ఉక్కు డబ్బా అది. రెండు సగాలను అచ్చులో నొక్కి వెల్డింగు చేస్తారు గనుక టంకపు అతుకులు లేవు. పైన మూడు పిడులు: మధ్య పిడితో ఒక్కరు మోయవచ్చు, ప్రక్క పిడులు పట్టుకొని ఇద్దరు మోయవచ్చు, ఖాళీవైతే ఒక్క చేతితో రెండు పట్టుకోవచ్చు. లోపల గాలికి చోటు వదిలారు గనుక నిండుగా ఉన్నా నీటిమీద తేలుతుంది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిషు సైనికులు మోసిన పలుచని 4 గ్యాలన్ల టిన్నులు దారిపొడవునా కారిపోతుండగా, శత్రువు డబ్బా చిక్కితే అపురూపంగా దాచుకున్నారు. తరువాత దానినే చూసి తామూ తయారు చేయించుకున్నారు. జర్మనులను వారు పిలిచిన ‘జెర్రీ’ అన్న ఎగతాళి పేరే జెరికాన్ అయింది. ఎగతాళి చేసినవారే అనుకరించడం లోకంలో క్రొత్త కాదు.

ఇక అసలు విషయం. ఇంట్లో ముత్తాత నాటి డబ్బా ఒకటి ఉన్నదనుకోండి. మనవడు దానిని పాతసామానుల వానికి వేసేద్దామంటాడు. “మీ తాతయ్య చేతి వస్తువురా, ఉండనియ్యి నాన్నా” అంటుంది అమ్మమ్మ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. డబ్బా ఉండడంలో తప్పు లేదు, అందులో ఏముంటున్నదన్నదే ప్రశ్న. చౌకదుకాణపు కిరసనాయిలు తగ్గిపోయిన తరువాత ఆ డబ్బాలోకి జనరేటరు కోసమో, బండి కోసమో పెట్రోలు వచ్చి చేరింది. మరొకనాడు ఎక్కడో కాస్త కిరసనాయిలు దొరికితే అదే డబ్బాలో పోస్తారు. ప్రమాదం సరిగ్గా అక్కడ పుడుతుంది. కిరసనాయిలు ఆవిరి అంటుకోవాలంటే దానికి కనీసం 35 డిగ్రీల వేడి కావాలి. పెట్రోలు ఆవిరి సున్నాకు ఎంతో దిగువన కూడా అంటుకుంటుంది. డబ్బా అడుగున మిగిలిన కాస్త పెట్రోలు చాలు, మొత్తం నూనె గుణం మారిపోతుంది. ఆ నూనె పంపుస్టవ్వులోకి వెళితే ఏమవుతుందో అగ్నిమాపక సిబ్బందికి చెప్పనవసరం లేదు. స్టవ్వు పేలిందని లోకం అంటుంది. దోషం డబ్బాదని ఎవరూ గుర్తించరు.

కనుక ఒక డబ్బాకు ఒకే ఇంధనం. దానిమీద రంగుతో పెద్ద అక్షరాలలో పేరు వ్రాయాలి. ఇంట్లోవారు చదివే భాషలో వ్రాయాలి. పాత టంకపు డబ్బాలో పెట్రోలు అసలే వద్దు, సీసం ఉంటుంది గనుక త్రాగునీరూ వద్దు. జెరికాన్‌కైతే మూత రబ్బరు ఎండి పగిలిందేమో చూసి మార్చుకోవాలి. అంచువరకు నింపరాదు, 20 లీటర్ల పెట్రోలు 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. నింపేటప్పుడు బండిమీద గాక నేలమీద ఉంచి నింపాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోదగినదే. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాక సొంతానికి మొత్తం 30 లీటర్ల వరకు పెట్రోలును లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. లోహపు డబ్బా 25 లీటర్లకు మించరాదు. ఒక జెరికాన్ నిండుగా ఉంటే చట్టం లోపలే. రెండూ నిండుగా ఉంటే చట్టం బయట.

ఖాళీ డబ్బాను చూసి నిర్భయంగా ఉండేవారు ఎక్కువ. నిజానికి నిండు డబ్బాకన్నా అదే భయంకరం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ల వరకు ఉంటే పేలుతుంది. ఖాళీ డబ్బాలో ఉండేది సరిగ్గా ఆ మిశ్రమమే కావచ్చు. పాత డబ్బాకు చిల్లుపడిందని వెల్డింగు దుకాణానికి తీసుకుపోవడం, మూత కోయడానికి గ్యాసు కట్టరు పెట్టడం ఎన్నడూ చేయరాదు. చిల్లుపడిన డబ్బా ఇంధనానికి ఇక పనికిరాదు. అమ్మమ్మ మాట నిలబెట్టాలంటే దానిని ఆరుబయట మూత తీసి చాలాకాలం ఆరనిచ్చి, అడుగున చేతి సుత్తితో చిల్లులు పొడిచే ముందు నిండా నీరు పోసి ఉంచి, తరువాత మట్టి నింపి ముంగిట పూలమొక్క పెంచుకోవచ్చు.