అడగనివారి భాష

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాటల్లేకుండా మనుషులు ఒకరికొకరు ఎలా చెప్పుకుంటారన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. దానధర్మాల సంస్థకు ఈ విషయంతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నన్నడిగితే మన పనిలో సగం ఇదే.

దివ్యఖుర్‌ఆన్‌లో హజ్రత్ జకరియ్యా (అ) వృత్తాంతం మీకు తెలుసు. ముసలితనంలో కొడుకు పుడతాడన్న శుభవార్తకు సూచనగా ఆయన మూడు రోజులు ప్రజలతో మాట్లాడలేకపోయారు. అయినా ఉదయం, సాయంత్రం దైవాన్ని స్తుతించమని సైగలతోనే తెలియజేశారు. హజ్రత్ మర్యమ్ (అ) పసిబిడ్డతో తన వాళ్ల దగ్గరకు వచ్చినప్పుడు జనం నిలదీశారు. మాట్లాడనని మొక్కుకున్న ఆమె బిడ్డ వైపు చూపించి ఊరుకున్నారు.

వీరిద్దరూ చెప్పాలనుకున్నారు కాబట్టి సైగ చేశారు. తన కష్టం బయటపడకూడదని పెదవి బిగించుకున్న మనిషి సంగతేమిటి? దానికి జవాబు సహీహ్ బుఖారీలోని ఒక హదీసులో ఉంది.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఒక రోజు తీవ్రమైన ఆకలితో ఉన్నారు. ఆకలికి తాళలేక కడుపుకు రాయి కట్టుకునే రోజులవి. జనం వచ్చిపోయే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూబకర్ (రజి) వచ్చారు. అబూ హురైరా ఆయన్ను ఒక ఆయత్ గురించి అడిగారు. అడిగింది ఆయత్ కోసం కాదు, ఇంటికి తీసుకెళ్లి అన్నం పెడతారేమోనని. ఆయన ముందుకు సాగిపోయారు. తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) వచ్చారు. అదే ప్రశ్న, అదే ఫలితం. ఆ తర్వాత దైవప్రవక్త (స) వచ్చారు. ఆయన్ను చూడగానే చిరునవ్వు నవ్వారు. ముఖంలో ఉన్నది, మనసులో ఉన్నది గ్రహించారు. ముద్దుపేరుతో పిలిచి వెంట రమ్మన్నారు. ఇంట్లో ఒక గిన్నెడు పాలున్నాయి. వాటి కోసం ఇల్లూ వాకిలీ లేని సుఫ్ఫావాసులందరినీ పిలిపించారు. ఒక్కొక్కరూ కడుపునిండా తాగారు. ఇక చోటు లేదనే దాకా అబూ హురైరాతో తాగించారు. అందరికంటే చివర తాము తాగారు.

సోదరులారా! అబూబకర్, ఉమర్ (రజి)ల దాతృత్వాన్ని శంకించేవారు ఎవరూ లేరు. వారి చెవికి వినిపించింది ఆయత్ గురించిన ప్రశ్న మాత్రమే. అంతటివారికే అందకుండా పోయిన ఆకలి, ఆఫీసులో కూర్చుని దరఖాస్తులు చూసే మనకు అందుతుందా?

అల్ బఖరా సూరా 273వ ఆయత్ ఇలాంటివారి గురించే చెబుతోంది. వారు ఆత్మాభిమానం వల్ల పట్టుబట్టి అడగరు. తెలియనివాడు వారిని ఉన్నవారనుకుంటాడు. వారి ముఖాలను బట్టే వారిని గుర్తుపట్టాలి. అంటే గుర్తుపట్టే బాధ్యత మనది.

ఆ గుర్తులు మన మొహల్లాల్లో ఎక్కడ కనిపిస్తాయి? కిలోల లెక్కన కొనే ఇంటివారు పావుకిలోల్లోకి దిగితే కిరాణా కొట్టాయనకు తెలుస్తుంది. చీటీలో సగం మందులే తీసుకుని, మిగతావి తర్వాత చూద్దామంటే మందుల షాపాయనకు తెలుస్తుంది. మధ్యాహ్నం టిఫిన్ వేళకు పిల్లాడు దూరంగా వెళ్లి కూర్చుంటే టీచరుకు తెలుస్తుంది. బంధువుల పెళ్లికి ఒంట్లో బాగాలేదని మానుకున్న ఆడమనిషి చేతికి నిన్నటి గాజులు లేకపోతే పక్కింటావిడకు తెలుస్తుంది. వీరిలో ఎవరినైనా మనం ఏడాదికి ఒక్కసారైనా పలకరించామా?

ఇక రెండో సంగతి. తీసుకునేవారి ముఖం మాట్లాడినట్టే ఇచ్చేవారి ముఖమూ మాట్లాడుతుంది. ఖురైష్ నాయకులతో మాట్లాడుతుండగా అంధుడైన హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చినప్పుడు ప్రవక్త (స) నొసలు ముడుచుకున్నారు. ఆ ముడత ఆయనకు కనిపించే వీలు లేదు. అయినా దాని గురించి 'అబస' సూరా అవతరించింది. చూపు లేనివారి ముందు ముఖం ముడవడమే అంత పెద్ద విషయమైతే, అన్నీ కనిపించేవారి ముందు మన నడవడి ఎలా ఉండాలి? సాటి సోదరుని ముందు చిరునవ్వు నవ్వడం కూడా సదఖాయేనని ప్రవక్త (స) బోధించారు.

రంజాన్‌లో రేషన్ కిట్లు పంచేటప్పుడు ఒక్కసారి గమనించండి. ఎండలో క్యూ. వెనుక బ్యానర్. కిట్టుకు ఒకవైపు నలుగురు పెద్దల చేతులు, మరోవైపు బుర్ఖాలో తల వంచుకున్న ఒక స్త్రీ. ఎదురుగా కెమెరా. మనం నోటితో ఒక్క పరుషమైన మాట అనలేదు. కానీ ఆ ఫోటో ఆమెతో ఏమంది? రేపు ఆమె కొడుకు ఫోనులో అది చూస్తే వాడితో ఏమంటుంది? ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వృథా చేసుకోవద్దని అల్లాహ్ హెచ్చరించాడు. ఎత్తిపొడుపుకు నోరే అక్కర్లేదు. ఆ క్యూను చూసి వీధి మలుపు నుంచే వెనక్కి మళ్లేవారు కూడా ఉంటారు. అందరికంటే ముందు ఇవ్వవలసింది వారికే.

నిర్వాహకులను నిందించడం నా ఉద్దేశం కాదు. దాతలు ఫోటో అడుగుతారు, వారు పంపుతారు. కాబట్టి ఈ మాట దాతలైన మీతోనే చెబుతున్నాను. బహిరంగంగా ఇవ్వడం తప్పు కాదు, దాన్నీ ఖుర్‌ఆన్ మంచిదనే అంది. గుట్టుగా పేదలకు అందించడం ఇంకా మేలంది. మీ పేరు ప్రకటించుకోవడం మీ ఇష్టం. తీసుకున్నవారి ముఖం మాత్రం మన సొత్తు కాదు. లెక్కలు అడగండి, రసీదులు అడగండి, ఆడిట్ చేసిన పత్రం అడగండి. ఫోటో అడగకండి.

సంస్థవారికి నా మనవి ఒక్కటే. ఫీజు నేరుగా బడికి, మందుల డబ్బు నేరుగా షాపుకు కట్టండి. మిగతాది ఇషా తర్వాత కవరులో పెట్టి ఇంటి గడప దగ్గర ఇచ్చి, సలాం చెప్పి, లోపలికి తొంగి చూడకుండా వచ్చేయండి. అందులో వారికి కావలసిన గౌరవమంతా ఉంది.

అడగనివారి ముఖాలను చదవగలిగే చూపును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన దానాలను స్వీకరించుగాక! ఆమీన్.