ఎవరు గీశారు?

(అంబేద్కర్ జయంతినాడు వాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, రిజర్వేషన్ల గురించి ఇంతవరకు మాట్లాడారు. మేం బొమ్మల గురించి మాట్లాడుతాం. బొమ్మలు కూడు పెడతాయా అని నవ్వకండి. కొంచెం వినండి.

మాది మాదిగవాడ. చిన్నప్పుడు మాకు కాగితం లేదు, రంగుల్లేవు. పొయ్యిలో బొగ్గుంది, ఎదురుగా గోడ ఉంది. వాడ పిల్లలం నలుగురైదుగురం ఎడ్లు, తాటిచెట్టు, డప్పు కొట్టే తాత, కంటికి కనపడిందల్లా గీసేవాళ్లం. గోడ ఖరాబు చేశారని అమ్మలు తిట్టేవాళ్లు. తిట్టి, మళ్లీ బొమ్మను చెరపకుండా దాని చుట్టూ అలికేవాళ్లు.

ఆ గీత మాకెక్కడిది? మా నాయినలు చెప్పులు కుట్టేవాళ్లు. తోలు మీద కాలు పెట్టించి చుట్టూ ఒక్క గీత గీసి, రంపెతో కోస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. అమ్మలు పండక్కి ఎర్రమన్ను అలికి ముగ్గేస్తే ఒక్క చుక్క లెక్క తప్పేది కాదు. బడి మొహం చూడని చేతులవి. వాళ్లను కళాకారులని ఊరు అనలేదు. చదువుకున్న మేమూ చాలా ఏళ్లు అనలేదు. అది మా తప్పు.

వాడకు డక్కలివాళ్లు వచ్చేవాళ్లు. పటం విప్పి జాంబపురాణం చెప్పేవాళ్లు. పెద్దలు కథ వింటుంటే మేం బొమ్మల్లో పడిపోయేవాళ్లం. ఇట్లాంటి పటాలు గీసేది చేర్యాల నకాషీలు. బట్టకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి రంగు మీద మనుషుల్ని నిలబెడతారు. కొన్ని పటాలు 30, 40 అడుగులుంటాయి. పద్మశాలీల మార్కండేయ పురాణానికో పటం, గౌండ్ల పురాణానికో పటం, మన ఆదిజాంబవుడి కథకో పటం. గుడిలోకి రానివ్వని మనకు మన కథను రంగుల్లో చూపించిన చేతులవి. ఇంత నేర్పు మనిషికి ఎట్లా వస్తుందా అని నోరు తెరుచుకుని చూసేవాళ్లం.

తర్వాత బడిలో అట్టలు ఊడిన చందమామలు దొరికాయి. వడ్డాది పాపయ్య గారి రంగులు, శంకర్ గారి విక్రమార్కుడు, బేతాళుడు. భుజం మీద శవం బరువు శంకర్ గారి గీతలోనే తెలిసేది. మేం పదిసార్లు చూసి గీస్తే పదిసార్లూ వడ్లబస్తా వచ్చేది. అయినా కుళ్లు పుట్టలేదు. ఆ చేతికి దండం పెట్టాలనిపించేది. ఇంకొకరి నేర్పు చూసి మనస్ఫూర్తిగా సంతోషించడం మాకు అక్కడ అలవాటైంది. కానీ ఆ పుస్తకాల నిండా రాజులు, మునులు. చెప్పులు కుట్టే మా నాయిన లేడు. మేమూ చాన్నాళ్లు కిరీటాలే గీశాం.

ఏడో తరగతిలో సరస్వతి పూజకు ముగ్గురం కలిసి వారం రోజులు కష్టపడి పెద్ద అట్ట మీద బొమ్మ గీశాం. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పూజనాడు ఒక పెద్దమనిషి వచ్చి "ఎవరు గీశారు?" అన్నాడు. మా పేర్లు చెప్పారు. పేర్లతో పాటు మా వాడ కూడా చెప్పారు. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి మా బొమ్మ బెంచీల వెనక్కి పోయింది. దాని జాగాలో క్యాలెండర్ పటం వచ్చింది. బొమ్మలో తప్పేం లేదు. గీసిన చేతులే పనికిరానివైనాయి. మాలో ఒకడు ఆరోజు నుంచి ఈరోజు దాకా మళ్లీ గీయలేదు. ముగ్గురిలో మంచి చెయ్యి వాడిదే.

డిగ్రీకొచ్చాక వేరే బొమ్మలు చూశాం. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ ఊరూరా తిరిగి, ఆకలితో ఎముకలు తేలిన మనుషుల్ని నల్లసిరాతో గీశాడు. ఆ పుస్తకాన్ని తెల్లదొరల ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. గీతకు దొరలు కూడా భయపడతారని అప్పుడు తెలిసింది. నాగపూర్‌లో పుట్టిన దళిత చిత్రకారుడు సవి సావర్కర్ (హిందూ మహాసభ సావర్కర్ కాదు) మెడలో ముంత కట్టుకున్న అంటరానివాణ్ణి గీశాడు. ఉమ్మి పడితే నేల మైలపడుతుందని పీష్వాల రాజ్యంలో కట్టించిన ముంత అది. బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాసిన ముంత అదే. మన బొమ్మ మనమే గీసుకోవచ్చని ఆయన్ని చూసి ధైర్యం వచ్చింది. ఆ రాత్రి మేం కిరీటాలు పక్కనపెట్టి, ఆరె పట్టుకున్న నాయిన చెయ్యి గీశాం.

మొన్న మా బడిలో ఒక పాప నోటుబుక్కు వెనక నాట్లేస్తున్న వాళ్లమ్మ బొమ్మ గీసింది. మేం చూడబోతే చేత్తో మూసేసుకుంది. లెక్కలు చేయకుండా ఇదేంటని కొడతామనుకుంది. ఆ చెయ్యి తీయించడం మన పని కాదా?

అందుకే అడుగుతున్నాం. జయంతి వస్తే వాడంతా ఫ్లెక్సీలు కడుతున్నాం. ఫ్లెక్సీలొచ్చాక గోడల మీద బాబాసాహెబ్‌ను గీసిన మన పెయింటర్ తమ్ముళ్లు కూలికి పోతున్నారు. వచ్చే జయంతికి ఒక్క ఫ్లెక్సీ తగ్గించండి. ఆ పైసలతో రంగులు కొని, కమ్యూనిటీ హాలు గోడ పిల్లలకివ్వండి. పెయింటర్ తమ్ముణ్ణి వాళ్లకు మేస్త్రీగా పెట్టి కూలివ్వండి. వంకరగా వచ్చినా రానివ్వండి.

గీసింతర్వాత గోడ ముందు నిలబడి "ఎవరు గీశారు?" అని గట్టిగా అడగండి. పేరు చెప్పినాక, వాడ చెప్పినాక, చప్పట్లు కొట్టండి.

జైభీమ్!