సురభి కమలాబాయి

(లాస్‌పేట తెలుగు సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఈ లాస్‌పేట చెంతనే, కరువడికుప్పమున శంకరదాస్ స్వామివారి సమాధి గలదు. తమిళ నాటకములకు పితామహుడని పేరొందిన ఆ మహనీయుడు 1922 నవంబరు 13వ తేదీన ఈ పుదుచ్చేరిలోనే తనువు చాలించెను. 1918లో మదురలో ఆయన నెలకొల్పిన సభ బాలుర నాటక సభ. అందు నాయిక వేషములును మగపిల్లలవే. ఆ సభలో పెరిగిన టి. కె. షణ్ముగం పిమ్మటి కాలమున అవ్వైయార్ వేషము ధరించి, అవ్వై షణ్ముగం అనియే ప్రసిద్ధికెక్కెను.

తెలుగునాటను ఆనవాయితీ వేరు గాదు. సత్యభామయన్నను, చింతామణియన్నను, మధురవాణియన్నను ప్రేక్షకులకు స్ఫురించినది స్థానం నరసింహారావు. 1956లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను. ఆ ప్రతిభను ఎవ్వరును తక్కువ చేయ నక్కరలేదు. అయినను చీర గట్టిన పురుషునకు చప్పట్లు చరచిన లోకమే, అదే వేషమును స్త్రీ ధరించినచో ఆమె నడవడిని శంకించెడిది. బళ్లారి రాఘవ, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగమునకు రప్పించినది ఈ దృష్టిని మార్చుటకే.

కడప మండలమున ఒక కుటుంబము మాత్రము ఏ వాదమును చేయకయే ఆ పని చేసినది. 1885లో సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధ నాటకమును ఆడించెను. వారు ఆరె మరాఠీలు. అంతకు మున్ను తోలుబొమ్మలాట వారి వృత్తి. బొమ్మలాటలో ద్రౌపదికిని సీతకును గొంతు నిచ్చునది ఆ యింటి ఆడువారే గదా! తెర వెనుక పాడిన గొంతు తెర ముందునకు వచ్చినది. లోకమునకు వింతగా తోచిన సంగతి వారికి ఇంటిపని వంటిదే. భర్త రాజు, భార్య రాణి, మరది విదూషకుడు. తెరలు వ్రాయువారు, తీగెలు లాగువారు, హార్మోనియము వాయించువారు సైతము బంధువులే. పగలు పొయ్యి యెదుట నున్న ఇల్లాలు రాత్రికి దమయంతి.

ఈ మాట అతిశయోక్తి గాదు. సురభివారు చెప్పుకొను కథ యొకటి కలదు. కమలాబాయి తల్లి నిండు చూలాలై దమయంతి వేషమున నుండగా నొప్పులు ఆరంభమయ్యెనట. తెర దించిరి, ఆ రంగస్థలముననే ఆడుబిడ్డ జన్మించెను. అది 20వ శతాబ్దపు తొలి దశకము. ఈ కథను విని ముచ్చటపడువారే గాని, నెలలు నిండిన స్త్రీ ఆ రాత్రి వేషము వేయక తప్పని పరిస్థితి యెట్టిదో యోచించువారు అరుదు. ఆట నిలిచినచో ఆ కుటుంబమునకు మరునాటి భోజనమే ప్రశ్న.

ఆ బిడ్డ నడక నేర్చినది మొదలు కృష్ణుడు, ప్రహ్లాదుడు, లవుడు మొదలగు బాలవేషములు ధరించెను, యౌవనమున నాయికయయ్యెను. మైకులు లేని ఆ కాలమున, ఊరి బయట పందిరిలో కడపటి వరుస చాపపై కూర్చున్నవానికి సైతము పద్యము స్పష్టముగా వినబడవలెను. టాకీలు వచ్చినప్పుడు అక్కరకు వచ్చినది ఈ గొంతే. 1931లో హెచ్. ఎం. రెడ్డి తీసిన కాళిదాసు చిత్రమునకు నాటకరంగము నుండియే టి. పి. రాజలక్ష్మి నాయికగా వచ్చెను. ఆమె తమిళము, నాయకుడు తెలుగు పలికిరి. మరుసటి యేడు ఆయనయే తీసిన భక్త ప్రహ్లాదలో కమలాబాయి లీలావతి. తొలి తెలుగు టాకీ నాయికయని ఆమెకు శాశ్వతకీర్తి కలిగెను. ఆ యేడే వెలువడిన పాదుకాపట్టాభిషేకమున ఆమె సీత.

ఇందొక వింత కలదు. పల్లెలలో ఆడిన రాత్రులు గాలిలో కలిసిపోయెను, ఫిల్ము మాత్రము నిలుచునని నాటివారు తలచియుందురు. నేడు భక్త ప్రహ్లాద ప్రతి యొక్కటియు దొరకుట లేదు. కమలాబాయి లీలావతిగా ఎట్లు పలికెనో వినుటకు వీలు లేదు. 1951 నాటి పాతాళభైరవిలో ఆమెను చూడవచ్చును గాని, అది వయసు మీరిన నటి. ఫిల్ము నిలుపలేని దానిని కొంతవరకైనను నిలిపినది, తల్లి నోట విని కూతురు నేర్చిన పద్యమే.

ఒకప్పుడు పదులకొలదిగా నుండిన సురభి సమాజములు క్రమముగా వ్రేళ్లపై లెక్కింప దగినన్ని మిగిలెను. హైదరాబాదు చెంత శేరిలింగంపల్లిలో ఆ కుటుంబములు స్థిరపడెను. 2013లో ఫ్రాన్సు దేశపు మెట్జ్ నగరమున జరిగిన నాటకోత్సవమునకు సురభివారు తరలి వెళ్లి తెలుగు నాటకములాడి వచ్చిరి. వీధుల పేర్లలో నేటికిని ఫ్రెంచి మాటలు వినవచ్చు ఈ పట్టణమువారు ఆ సంగతి విని సంతోషింపవచ్చును.

సంచారము తగ్గినందున పిల్లలకు చదువు కుదిరినది. చదువుతో వేరు కొలువులును కుదురుచున్నవి. అది మేలే. రాత్రి ఆట ముగించి ప్రొద్దుననే బడికి పోవలసిన పిల్లను చిన్నికృష్ణుని వేషమునకు ఇంకెన్ని యేండ్లు నిలుపవలెననునది ఆ తల్లులు తేల్చుకొనవలసిన సంగతి.